గడ్డం దాకా అక్క

అంటే కెమెరా బొత్తాం మీద మొదటి నొక్కు సంచిలోనే పడిందన్నమాట, ఇంటి మెట్లు దిగేటప్పుడో, బస్సులో ఎవరి మోచెయ్యో తగిలినప్పుడో, ఇక అక్కణ్ణుంచి రోజంతా ఒక్క నొక్కు తేడాతోనే నడిచిందన్నమాట, అనుకున్నాడతను. భోజనాల బల్ల మీద కెమెరా. దాని పక్కన చల్లారిపోయిన కాఫీ. ఎదురుగా టీవీ తెర నిండా నేల. బస్టాండులో అనౌన్సర్ గది నేల అది. బూడిదరంగు గచ్చు, గచ్చులో ఒక పగులు, పగులు పక్కన అతని కుడికాలి బూటు. ఆ బూటు పదకొండు నిమిషాలుగా కదలకుండా ఉంది.

"ఇది కళేనాండీ?" అంది భార్య. ఆమె అప్పటికి పదకొండు నిమిషాలుగా చూస్తోంది మరి.

"కాదు."

"మరెందుకు తీశారు?"

"నేను తియ్యలేదు. నేను తియ్యనప్పుడు అదే తీసుకుంది."

విషయం చాలా చిన్నది. ఆ కెమెరాకు వీడియో బొత్తాం ఒకటే. ఒకసారి నొక్కితే మొదలవుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. అది సంచిలోనే మొదలైపోయింది. అతను బస్టాండుకు వెళ్ళి, అక్క ఎదురుగా నిలబడి, "రెడీ" అని నొక్కాడు. ఆగిపోయింది. అక్కను తనివితీరా చూసి "అయిపోయింది" అని నొక్కి కెమెరాను మెడలోంచి కిందికి వేలాడదీశాడు. అప్పుడు మొదలైంది. గురువారం రోజంతా అలా పదిహేడుసార్లు. ఫలితంగా పద్దెనిమిది ముక్కలొచ్చాయి. మొదటిదీ చివరిదీ సంచిలోని చీకటి. మధ్యవన్నీ నేల. ఆఖరిది తప్ప ప్రతి ముక్క చివరా కెమెరా పైకి లేస్తుంది, నీలం యూనిఫాం గుండీలు ఒక్కొక్కటే దాటుతుంది, కాలరు దాటుతుంది, గడ్డం దాకా వస్తుంది. అక్కడ తెగిపోతుంది. తియ్యాల్సిన క్షణం రాకముందే నొక్కాలని ఇంటర్నెట్ పాఠంలో చెప్పారు కాబట్టి అతను కెమెరా ఎత్తుతూనే నొక్కేవాడు.

పదిహేడు గడ్డాలు. మొహం ఒక్కటీ లేదు.

అతను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. దుకాణాల్లో తక్కెడలు పరీక్షించి సీలు వెయ్యడం అతని పని. అరచేతిలో పెడితే చాలు, అర్ధకిలో రాయి ఎన్ని గ్రాములు అరిగిందో చెప్పగలడు. అలాంటి మనిషికి నలభై ఆరో ఏట కెమెరా దొరికింది. ఆఫీసులో ఒకతను ఈ సరదా మానేస్తూ సంచితో సహా ఇచ్చేశాడు. ఇచ్చేటప్పుడు అతని మొహంలో కనిపించిన తేలికదనాన్ని ఇతను సరిగ్గా చదవలేకపోయాడు. ఇంటర్నెట్‌లో పద్నాలుగు పాఠాలు దొరికాయి. మొదటి పాఠం, ముందు చూడటం నేర్చుకోమంది. కెమెరా ముట్టకుండా నెలరోజులు చూశాడు. రెండో పాఠం, దృశ్యాన్ని తొమ్మిది గళ్ళుగా ఊహించుకుని ముఖ్యమైనదాన్ని గీతలు కలిసేచోట పెట్టమంది. ఊహించుకోవడంలో తేడా వస్తుందేమోనని అతను కళ్ళజోడు మీద నల్లదారం ముక్కలు అడ్డంగా రెండు, నిలువుగా రెండు అంటించుకున్నాడు. పై అధికారితో మాట్లాడేటప్పుడు ఆయన్ను కింది ఎడమ మూలకు తేవడానికి తల వంచి, మెడ తిప్పి నిలబడేవాడు. ఆయన దాన్ని వినయమనుకుని ఆ ఏడు మంచి రిపోర్టు రాశాడు.

ఆరో పాఠమే కొంప ముంచింది. కెమెరా తీస్తున్నప్పుడు వెలిగే ఎర్రదీపం చూడగానే మనుషులు నటించడం మొదలుపెడతారు, కాబట్టి దాన్ని కప్పెయ్యండి, తెర మీద అంకెలూ అక్షరాలూ తీసేసి చిత్రాన్ని శుభ్రంగా ఉంచుకోండి అంది. అతను దీపం మీద నల్లటేపు అంటించాడు. అంకెలు తీసేశాడు. ఇక కెమెరా తీస్తోందో లేదో దానికి తప్ప ఎవరికీ తెలియదు.

మామూలుగా అయితే నవ్వి ఊరుకోవచ్చు. కానీ ఇది అక్క అడిగిన పని.

అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్కే. ముప్ఫై ఒక్కేళ్ళుగా ఆ బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో ఆమె చెబితే తప్ప ఊరు కదలదు. శనివారం సాయంత్రం ఐదు గంటల బస్సును పిలిచాక ఆమె ఉద్యోగం అయిపోతుంది. ఆదివారం నుంచి రికార్డు చేసిన ఇంకెవరి గొంతో పలుకుతుంది. గదిలో విరిగిన కుర్చీలు పడేస్తారట.

"నా గొంతు తియ్యొద్దురా," అంది అక్క పదిహేను రోజుల కిందట. "దాన్ని ఊరంతా విన్నది. పని చేసేటప్పుడు నా మొహం తియ్యి. ఆ గదిలో నా మొహాన్ని ఎవరూ చూడలేదు. నాకూ తెలీదు ఎలా ఉంటుందో." తర్వాత నవ్వుతూ ఒక సంగతి చెప్పింది. ఎన్నో ఏళ్ళ కిందట ఒకాయన ఆ గొంతు మనిషిని ఒక్కసారి చూసి పోదామని పువ్వులు పట్టుకుని గది తలుపు తట్టాడట. తలుపు తీసిన అక్కను చూసి, ఆమె భుజం మీదుగా లోపలికి తొంగి, "ఆవిడ లేరాండీ?" అన్నాడట.

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? ఇప్పుడే బయటికెళ్ళారు, మళ్ళీ రండి అన్నాను."

టీవీలో నేల మాట్లాడుతూనే ఉంది. బొమ్మ రాకపోయినా శబ్దం మాత్రం శుభ్రంగా వచ్చింది. బూటు మీదుగా అక్క గొంతు, గది ఊడ్చే ఆమెతో: "మా తమ్ముడు. ఏం తీస్తున్నాడో వాడికే తెలీదు. అయినా చూశావా, రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. నన్నొకళ్ళు ఇంతసేపు చూసి ఎన్నేళ్ళయిందో." వెంటనే స్విచ్చు చప్పుడు, ఫ్యాను ఆగిన చప్పుడు, అదే గొంతు పదేళ్ళు చిన్నదై, "ప్రయాణికులకు మనవి..."

అతను టీవీ కట్టేశాడు.

నిజమే, చూశాడు. పదిహేడుసార్లూ కెమెరా తెర మీద ఆ మొహాన్ని చూశాడు. బస్సు పేరు చెప్పేముందు అక్క ఎడమ కనుబొమ్మ కొద్దిగా లేస్తుంది, దూరంగా మలుపు తిరుగుతున్న బస్సు ఆమెకొక్కదానికే కనబడ్డట్టు. నలభై ఆరేళ్ళలో అతనెప్పుడూ అది గమనించలేదు. ఇప్పుడు గమనించాడు, గమనించినది ఎక్కడా లేదు. తప్పు బొత్తానిది కాదేమో అనిపించింది. తను మొదటినుంచీ అంతే. అందరూ నవ్వి ఊరుకున్నాక నవ్వేవాడు. ఒకతనికి ప్రమోషను రాకముందే అభినందనలు చెప్పాడు, అది రద్దయింది. పెళ్ళిచూపుల్లో ఏమీ అడగలేదు, పెళ్ళయిన ఆరో ఏట ఒక రోజు భార్యను, "నీకు పాటలొచ్చా?" అని అడిగాడు. ఎక్కడో, ఎప్పుడో, తన సంచిలోనే ఒక నొక్కు పడి ఉంటుంది. అప్పణ్ణుంచి బతకాల్సినప్పుడు ఆగి, ఆగాల్సినప్పుడు బతుకుతున్నాడు.

"కాఫీ తాగండి," అంది భార్య. "తాగి, వెళ్ళి వదినతో చెప్పండి."

అక్క ఇంట్లో బావ నేల మీద కూర్చుని మిక్సీ విప్పుతున్నాడు. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి మానేశాక ఆయన ఇంట్లో ఏ వస్తువునూ రెండు వారాలకు మించి మూతతో ఉంచలేదు.

"అక్కా, చిన్న ఇబ్బందొచ్చింది."

"చెప్పరా."

"మొహం రాలేదు."

"ఎవరిది?"

"నీది."

"మరేమొచ్చింది?"

అతను నేల వంక చూశాడు. "గొంతు."

అక్క పకపకా నవ్వింది. "ముప్ఫై ఒక్కేళ్ళుగా వచ్చేది అదే కదరా." నవ్వుతూనే లేచి వెళ్ళి, కడిగి బోర్లించిన గ్లాసును మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. చాలాసేపు కడిగింది. అతను ఆమె వీపు వంక చూస్తూ కూర్చున్నాడు. ఆ వీపును కళ్ళజోడులో ఏ గీతల దగ్గర పెట్టాలో అతనికి తోచలేదు.

"దీనికింత ఏడుపు మొహం దేనికి బామ్మర్దీ," అన్నాడు బావ మిక్సీలోంచి. "రేపు ఒక నొక్కు ఎక్కువ నొక్కు. లెక్క సరిపోతుంది. అంతేగా?"

"అంతే," అన్నాడతను. అంతా అంత తేలిగ్గా సరిపోతుందనే సరికి భయమేసింది.

శనివారం మధ్యాహ్నం మూడింటికి ముగ్గురూ ఆ గదిలో ఉన్నారు, అక్కతో కలిపి నలుగురు. ఆ గదిలో ఒక కుర్చీ, ఒక బల్ల, మైకు, గోడకు బస్సుల పట్టిక. బయటి గోల రంగుకు ఆగుతుందనుకున్నారో ఏమో, కిటికీ అద్దానికి తెల్లరంగు పూసేశారు. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుంది కాబట్టి మాట్లాడేముందు ఫ్యాను కట్టెయ్యాలి, అయ్యాక వేసుకోవాలి. అక్క ఎడంచేత్తో ఫ్యాను, కుడిచేత్తో మైకు ఒకేసారి నొక్కుతుంది. ఇన్నేళ్ళలో ఆ రెండు చేతులూ ఎప్పుడూ తికమక పడలేదు.

అతను "రెడీ" అన్నాడు. వెంటనే అక్క కుర్చీలో జారగిలబడి, ఆవులించి, చెవిలో వేలు పెట్టుకుంది.

"అక్కా! రెడీ అన్నాను."

"విన్నానులే. నువ్వు రెడీ అన్నప్పుడు తియ్యదటగా."

"ఇవాళ సరిచేశాను."

"మొన్న కూడా సరిగ్గానే ఉందనుకున్నావుగా."

అతను విసిగిపోయి "అయిపోయింది" అని కెమెరా దించాడు. అక్క చటుక్కున నిటారుగా కూర్చుంది, జుట్టు సర్దుకుంది, వంగి అతని పొట్ట దగ్గర వేలాడుతున్న కెమెరాలోకి చూస్తూ చక్కగా నవ్వింది. భార్యా బావా కూడా వంగి అతని పొట్టకేసి నవ్వారు. ఆ సమయంలో తలుపు తీసిన స్టేషన్ మేనేజరు ముగ్గురు మనుషులు ఒక మనిషి పొట్టకు నమస్కరిస్తున్నారనుకుని, తనూ కొద్దిగా వంగాడు.

"ఇంతకీ ఇప్పుడు తీస్తోందా లేదా?" అంది భార్య, నవ్వు చెరగకుండా.

"పొద్దున ఒక నొక్కు ఎక్కువ నొక్కాను. కాబట్టి..."

"అయ్యో," అంది భార్య. "దుమ్ము తుడుస్తుంటే నా వేలు కూడా పడింది. ఒక్కసారే."

బావ గొంతు సవరించుకున్నాడు. "నీ నొక్కు సరిగ్గా పడిందో లేదోనని బస్సులో నేనూ ఒకటి నొక్కా బామ్మర్దీ. గట్టిగా."

"అందరూ చెప్పేస్తున్నారు కాబట్టి..." అన్నాడు మేనేజరు. "ఇందాక మీరు టీకి వెళ్ళినప్పుడు బల్ల మీద ఉంటే ఊరికే ముట్టుకున్నాను. ఒకటి. రెండేమో."

"ఒకటా, రెండా?"

"ఒకటి నొక్కి, తప్పేమోనని ఇంకోటి."

"నేనూ ఒకటి," అంది అక్క. "ఏమవుతుందో చూద్దామని."

లెక్కపెట్టడానికి బావ బల్ల మీదికి వంగాడు. ఆయన మోచెయ్యి దేనికో తగిలింది. ఎవరూ పట్టించుకోలేదు. ఒకటీ ఒకటీ రెండు, బావదితో మూడు, మేనేజరువి రెండూ కలిపి ఐదు, అక్కదితో ఆరు, మధ్యలో రెడీకీ అయిపోయిందికీ చెరొకటి. మేనేజరు మాత్రం రెండోది సగమే నొక్కానేమోనని ఇప్పుడు అనుమానపడ్డాడు. సగం నొక్కును ఒకటిగా లెక్కెయ్యాలా, వదిలెయ్యాలా అన్నదాని మీద బావ గట్టిగా వాదించాడు. తూనికల శాఖ మనిషిగా అతను సగాన్ని ఒప్పుకోనన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు తన గొంతు ఎక్కడో దూరంగా, ఆకాశంలోంచి వినబడుతున్నట్టు అనిపించింది.

కిటికీ అవతల ఎవరో అరిచారు. "సగం నొక్కూ లెక్కకు వస్తుందండీ! మొత్తం ఎనిమిది!"

"ఏడు!" అని ఇంకెవరో. "బేసి! తీస్తోంది!"

"మధ్యలో బ్యాటరీ తీశారేమో ముందు అడగండయ్యా!"

అక్క మైకు వంక చూసింది. ఎర్రగా వెలుగుతోంది. ఎంతసేపటి నుంచో. మూడు గంటల నలభై నిమిషాల బస్సు రెండో ప్లాట్‌ఫాం మీద ఇంజను కట్టేసుకుని నిలబడి ఉంది. లెక్క తేలితే గానీ కదలనని డ్రైవరు భీష్మించాడట. అక్క మైకు మూసి, బావ వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపును తీసి ఉంటే అదొక్కటే చాలునని అతనికి తర్వాత అనిపించింది.

తలుపు తట్టి ఒక కండక్టరు లోపలికి వచ్చాడు. చెమటలు కక్కుతూ అక్క వైపు చూడకుండా నేరుగా కెమెరా దగ్గరికి నడిచాడు. "బస్సులో గొడవైపోతోందండీ. తీస్తున్నదీ లేనిదీ తెర మీద కనబడదా?"

"అంకెలు తీసేశానండీ."

"ఎందుకు?"

"పాఠంలో చెప్పారు."

"మళ్ళీ పెట్టెయ్యండి మరి," అన్నాడు కండక్టరు, వెళ్ళిపోయాడు.

గదిలో నలుగురూ అతని వంక చూశారు. ఆ చూపుల్లో కోపం లేదు, అదే భరించలేకపోయాడు. అతనికి ఆ ఉపాయం తట్టక కాదు. శుక్రవారం పొద్దున టీవీ కట్టేసిన క్షణంలోనే తట్టింది. కానీ అంకెలు పెట్టుకుంటే తెలిసిపోతుంది. తెలిశాక కూడా సరిగ్గా తియ్యలేకపోతే, ఇక బొత్తాం మీద నెట్టడానికి ఏమీ మిగలదు. తప్పు తనదే అవుతుంది. ఒక నొక్కు తేడాలో ఇన్నాళ్ళూ ఎంత హాయిగా దాక్కున్నాడో అప్పుడు అర్థమైంది.

కెమెరా మెనూలోకి వెళ్ళి అంకెలు పెట్టాడు. తెర మూలన సున్నాలు వచ్చాయి. అంటే తియ్యడం లేదు. ఇంత గొడవలో ఏ ఒక్క క్షణాన్నీ తియ్యలేదు.

నాలుగున్నర అయింది. భార్య, బావను చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కెళ్ళింది. మేనేజరు దండ తేవడానికి వెళ్ళాడు. గదిలో ఇద్దరే మిగిలారు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు, గళ్ళు లేకుండా అక్క కొంచెం మసగ్గా ఉంది గానీ అంతా ఒకేచోట ఉంది.

ఐదుకు రెండు నిమిషాలప్పుడు నొక్కాడు. రెడీ అనలేదు. సున్నాలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు.

అక్క ఫ్యాను కట్టేసింది, మైకు వేసింది. కాగితం చూడలేదు. కనుబొమ్మ లేచింది. "ప్రయాణికులకు మనవి. ఐదు గంటల బస్సు నాలుగో ప్లాట్‌ఫాం మీద సిద్ధంగా ఉంది." ఎప్పటిలాగే రెండుసార్లు చెప్పింది. వీడ్కోలు లేదు, ధన్యవాదాలు లేవు. మైకు తీసేసింది, ఫ్యాను వేసుకుంది, కాలరు వదులు చేసుకుని మెడ మీది చెమట చేత్తో తుడుచుకుంది. బయట బస్సు కదిలిన చప్పుడు. అది గేటు దాటేదాకా ఆమె వింటూ కూర్చుంది. వింటున్న మొహం అది. దానికి అరవై ఏళ్ళు దగ్గరపడ్డాయి, అందులో ఎవరినో పిలుస్తున్న ఛాయ లేదు, అలసటా లేదు. ఇన్నేళ్ళూ ఆ గొంతు వెనక కూర్చున్న మనిషి ఈవిడేనని ఎవరైనా గుర్తుపట్టగలిగే మొహం.

పిలుపు అయిపోయింది కాబట్టి అతని వేలు అలవాటుగా బొత్తాం మీదికి వెళ్ళింది.

అక్క తలెత్తి నేరుగా అతని వంక చూసింది. "ఏరా, అయిపోయిందా?"

తెర మూలన అంకెలు నడుస్తున్నాయి. మూడు నిమిషాల ఏడు సెకన్లు, ఎనిమిది, తొమ్మిది.

"ఇంకా లేదక్కా," అని, అతను బొత్తాం మీంచి వేలు తీసి, ఆ చెయ్యిని జేబులో పెట్టుకున్నాడు.